చేపల సంగతులు: ముందు పురుగు పేరు, తర్వాతే మందు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చేపల మీద బతికే పురుగుల గురించే. మన రాయలసీమలో చాలా జిల్లాలకు సముద్రం లేకపోయినా, చేపల చదువు చదివి తీరానికి ఉద్యోగాలకు పోయే పిల్లలు మన దగ్గర ఏటా పెరుగుతున్నారు. మైదుకూరు అబ్బాయి ప్రశ్నకు ఈసారి ఎక్కువ చోటు ఇచ్చాను. అందులో ఒక కేజ్ (నీటిలో కట్టిన వల పంజరం) నిండా చేపల ప్రాణాలున్నాయి, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక పిల్లవాడి మాటకు విలువ దక్కడమూ ఉంది.

ప్రశ్న: మేడమ్, మాది మైదుకూరు. ఫిషరీస్ డిప్లొమా చేసి నెల్లూరు తీరంలో ఒక కేజ్ ఫామ్‌లో పనిచేస్తున్నాను. సముద్రపు నీటిలో పండుగప్ప పెంచుతున్నాం. కొద్ది రోజులుగా చేపలు మేత సరిగా తినడం లేదు. వలకు ఒళ్ళు రుద్దుకుంటున్నాయి. కొన్నిటికి కన్ను తెల్లబడింది. ఒంటి మీద ఎంత చూసినా ఏమీ కనబడలేదు కానీ, ఒక చేపను మంచినీళ్ళ బకెట్‌లో వేస్తే తెల్లటి రేకులు రాలాయి. ఇది బెనిడీనియా అనే చర్మం పురుగు అని సూపర్‌వైజర్ అంటున్నారు. మందులమ్మే ఆయన మొప్పల పురుగు అంటున్నారు. ఓనర్ రేపోమాపో మందు తెప్పించేలా ఉన్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. రాలిన పురుగులు మా మామ చేత పంపుతున్నాను. ఇవేమిటో చెప్పగలరా?
– యువ పాఠకుడు, మైదుకూరు

జవాబు: నాయనా, మీ మామ హోమియో మాత్రల సీసా భద్రంగా తెచ్చి ఇచ్చారు. అందులో ఆరు పురుగులు ఉన్నాయి. బకెట్‌లోంచి తీసి నేరుగా స్పిరిట్‌లో వేసినట్టున్నారు, నాలుగు ముడుచుకుపోయాయి. మిగతా రెండూ కాస్త ముడతలు పడినా పనికొచ్చాయి. వాటిని కాసేపు నీళ్ళలో నానబెట్టి, స్లైడు మీద పరిచి, కవర్ స్లిప్పు వేసి చూశాను.

ఒక్కోటి నాలుగు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంది. కోలగా, పల్చగా ఉన్న శరీరం. ముందు చివర రెండు పక్కలా గుండ్రటి అతుకు బిళ్ళలు, వాటి వెనక నాలుగు నల్లటి కంటి చుక్కలు రెండు జతలుగా ఉన్నాయి. శరీరం నడుమ రెండు వృషణాలు పక్కపక్కనే, వాటికి ముందు అండాశయం. ఇక వెనక చివర ఉంది అసలు గుర్తు. అక్కడ పెద్ద గుండ్రటి పళ్ళెం ఉంటుంది, చేపను పట్టుకుని ఉండేది దాంతోనే. లైటు కాస్త తగ్గించి చూస్తే ఆ పళ్ళెం మధ్యలో మూడు జతల గట్టి ముళ్ళు తేలాయి, కొన్నిటి కొన లోపలికి వంగి ఉంది. అంచు వెంట చిన్న చిన్న కొక్కేలుంటాయి, లెక్క ప్రకారం పద్నాలుగు ఉండాలి. మీ పురుగుల్లో ముడతల వల్ల నాకు అన్నీ దొరకలేదు.

ఈ గుర్తులు కాప్సాలిడే కుటుంబానివి. బల్లపరుపు పురుగుల్లో మోనోజీనియా అనే తరగతిలో చర్మం మీద బతికే కుటుంబం ఇది. కాబట్టి మీరు పంపినవి మొప్పల పురుగులు కావు. మొప్పల్లో ఉండేవి రెండు రకాలుగా కనిపిస్తాయి. ఒకటి డిప్లెక్టానిడ్‌లు. పండుగప్ప మొప్పలకు పట్టేవి ఎక్కువగా ఇవే. మిల్లీమీటరు కూడా ఉండవు, వెనక భాగంలో సన్నని వరసలుగా పేర్చిన పొలుసు బిళ్ళలుంటాయి. రెండో రకానికి కొక్కేల బదులు పట్టకార్లు వరసగా ఉంటాయి. అవి రక్తం తాగుతాయి కాబట్టి పేగు నల్లగా కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో కింగ్‌ఫిష్ మొప్పలను పీల్చే జ్యూక్సాప్టా ఈ రకమే. మీ సీసాలో ఇవేవీ లేవు.

అయితే మొప్పలు శుభ్రంగా ఉన్నాయని దీని అర్థం కాదు. మీరు బకెట్‌లో రాలినవే పంపారు. ఈసారి నీరసించిన చేప ఒకటి దొరికితే మొప్ప తెరిచి, ఒక వంపును కత్తిరించి, సముద్రపు నీటి చుక్కలో పెట్టి చూడండి. ఒకే చేపకు రెండు రకాలూ పట్టడం వింత కాదు.

ఇప్పుడు సూపర్‌వైజర్ మాట దగ్గరికి వద్దాం. బెనిడీనియా అన్నారు. కుటుంబం వరకు ఆయన సరిగ్గానే చూశారు. కానీ ఇవి నియోబెనిడీనియా అని నా అనుమానం. రెండూ చూడ్డానికి కవలలే. తేడా లోపల ఉంటుంది: బెనిడీనియాకు యోని నాళం ఉంటుంది, నియోబెనిడీనియాకు ఉండదు. ఎడమ పక్క, ముందు బిళ్ళకు దగ్గర్లో జననేంద్రియ రంధ్రం దగ్గర వెతకాలి. నాకు రెండు పురుగుల్లోనూ ఆ నాళం కనబడలేదు. ముడుచుకున్న పురుగులో కనబడకపోయినంత మాత్రాన లేదని రాయలేను. దానికి రంగు ఎక్కించిన మంచి స్లైడు కావాలి. ఇంకొక కారణమూ ఉంది. జపాన్‌లో పేరు మోసిన బెనిడీనియా సీరియోలే అక్కడి యెల్లోటెయిల్, దాని దగ్గరి బంధువులనే పట్టుకుంటుంది. నియోబెనిడీనియాకు ఆ పట్టింపు లేదు. పండుగప్ప, కోబియా, గ్రూపర్ ఏది దొరికితే దాన్ని ఎక్కుతుంది. పెంపకంలో అది ఇంత నష్టం తెచ్చేది అందుకే.

జాతి పేరు కూడా చెప్పమంటారేమో. ఇక్కడ శాస్త్రవేత్తలే చాలాకాలం తలపట్టుకున్నారు. 1927లో న్యూయార్క్ ఆక్వేరియం చేపల మీది పురుగుకు మెల్లెని అని పేరు పెట్టారు. 1955లో ఇంకొకదానికి గిరెల్లే అన్నారు. 1995లో జపాన్ పెంపకపు చేపల మీద ఉన్నది గిరెల్లే అని ప్రచురించారు. మరుసటి ఏడే, 1996లో, రెండూ ఒకటేనని కలిపేశారు. తర్వాత డీఎన్ఏ చూసి మళ్ళీ విడదీశారు. బయటి రూపం చేపను బట్టి, పురుగు వయసును బట్టి మారిపోతుంది కాబట్టే ఇంత తిప్పలు. అందువల్ల మీ రిజిస్టర్‌లో ప్రస్తుతానికి "కాప్సాలిడే, బహుశా నియోబెనిడీనియా" అని రాయండి. ఆ "బహుశా" రాయడానికి మొహమాటపడొద్దు. తెలిసినంత వరకే రాసిన పేరు రేపు ఇంకొకరికి ఉపయోగపడుతుంది. ఊహించి రాసిన పేరు వాళ్ళను తప్పుదారి పట్టిస్తుంది.

మళ్ళీ పురుగులు తీసేటప్పుడు ఇలా చేయండి. నల్లటి ప్లాస్టిక్ టబ్ తీసుకోండి, తెల్లటి బకెట్ వద్దు. సముద్రపు నీటిలో పారదర్శకంగా ఉండి చేప మీద కనబడని పురుగు, మంచినీటిలో నీరు పీల్చి ఉబ్బి తెల్లగా మారుతుంది. నల్లటి అడుగు మీద అవి స్పష్టంగా తేలుతాయి. ఆ నీటిని పల్చటి బట్టలో వడకట్టి లెక్కపెడితే, చేపకు ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. ప్రతిసారీ ఆ లెక్క రాసిపెట్టండి. స్లైడుకు మాత్రం ఉబ్బినవి పనికిరావు. వేలితోనో మెత్తటి బ్రష్‌తోనో చేప ఒంటి మీద నుంచి బతికున్నవి నాలుగైదు తీసి సముద్రపు నీటి చుక్కలో పెట్టండి. పైన కవర్ స్లిప్పు వేసి, దాని బరువుకే పురుగు పరుచుకునేలా వదలండి. తర్వాత అంచు నుంచి డెబ్బై శాతం ఆల్కహాల్ చుక్కలుగా ఎక్కించండి. పురుగు ఆ పరుచుకున్న రూపంలోనే గట్టిపడుతుంది. అప్పుడు సీసాలోకి మార్చండి. ఇంకో రెండింటిని తొంభై అయిదు శాతానికి తగ్గని ఆల్కహాల్‌లో డీఎన్ఏ కోసం విడిగా ఉంచండి. వాటికి ఫార్మలిన్ తగలకూడదు, అది డీఎన్ఏను పాడుచేస్తుంది.

ఇక చేపల సంగతి. మీరు అనుకోకుండా చేసిన మంచినీటి పరీక్షే దీనికి వైద్యం కూడా. గాలి బాగా పట్టించిన మంచినీటిలో అయిదు నిమిషాలు, మహా అయితే పది నిమిషాలు చేపలను ఉంచితే చర్మం మీది పురుగులు చచ్చి రాలతాయి. పండుగప్పకు ఇది పెద్ద కష్టం కాదు. అది పుట్టేది ఉప్పునీటిలోనే అయినా, చిన్నతనంలో నదుల్లోకి ఎక్కి మంచినీటిలో పెరిగే గుణం దానికి సహజంగా ఉంది. అయినా ముందు నాలుగు చేపలతో చేసి చూడండి. పక్కకు వాలినా, నోరు తెరిచి పైకి వచ్చినా వెంటనే తీసేయండి. నీరసంగా ఉన్నవాటిని గుంపుగా ముంచొద్దు.

ఒక్కసారి ముంచి ఊరుకుంటే మాత్రం పురుగు తిరిగొస్తుంది. మంచినీటికి పురుగు చస్తుంది, గుడ్డు చావదు. ఈ పురుగు గుడ్డు సమోసాలా మూల మూలలుగా ఉంటుంది. దానికి పొడవాటి దారం వేలాడుతుంది. ఆ దారాలు వల పోగులకు చుట్టుకుంటాయి. మీ కేజ్ వల నుంచి నాచు పట్టిన పోగు ఒకటి తెంపి మైక్రోస్కోప్ కింద పెట్టండి, గుత్తులుగా కనిపిస్తాయి. మన వేడి నీళ్ళలో వారం లోపే అవి పగలడం మొదలుపెడతాయి. లోపలి నుంచి నూగుతో ఈదే డింభకం (పిల్ల పురుగు) వచ్చి నేరుగా చేపను వెతుక్కుంటుంది, ఇంకొన్ని బల్లపరుపు పురుగుల్లా మధ్యలో నత్తలో పెరగాల్సిన అవసరమే లేదు. ఇది ద్విలింగజీవి, అంటే ఆడ, మగ అవయవాలు రెండూ ఒకే పురుగులో ఉంటాయి. తోడు లేకుండా ఒక్క పురుగు కూడా వేల గుడ్లు పెట్టగలదు. అందుకే చేపలను ముంచిన రోజే వల మార్చాలి. తీసిన వలను ఒడ్డుకు తెచ్చి ఎండలో కరకరలాడేలా ఆరబెట్టాలి. ఎండితే గుడ్లు చస్తాయి. కొత్తగా ఎక్కిన పిల్ల పురుగులు పెద్దవై మళ్ళీ గుడ్లు పెట్టే లోపు రెండోసారి ముంచాలి. ఎన్నాళ్ళకు అన్నది నీటి వేడిని బట్టి ఉంటుంది, కాబట్టి రోజూ ఉష్ణోగ్రత రాయండి. పక్క కేజ్‌లకు కూడా అదే వారంలో చేయకపోతే మీ శ్రమ వృథా.

కన్ను తెల్లబడిన చేపల గురించి అడిగారు. పురుగు కంటి పైపొరను మేస్తుంది. ఆ గాయంలోకి బాక్టీరియా చేరుతుంది. పురుగును తీసినంత మాత్రాన ఆ కన్ను బాగుపడదు. అలాంటివాటిని విడిగా ఉంచండి. ఏ మందు, ఎంత అన్నది ఈ శీర్షికలో నేను రాయను. అది చేపను చేతిలో పట్టుకుని చూసిన చేపల వైద్యుడు చెప్పాల్సిన మాట.

ఓనర్ గారికి ఇంత మాత్రం గట్టిగా చెప్పండి. పేరు తేలకుండా మందు కొనకండి. చర్మం మీది పురుగుకు మంచినీటి స్నానం చాలు. మొప్పల్లో రక్తం తాగేదానికి అది సరిపోకపోవచ్చు. రక్తనాళాల లోపల బతికే పురుగులైతే బయట ఎంత ముంచినా వాటికి తగలదు. మూడూ బల్లపరుపు పురుగులే. మందులమ్మే మనిషికి మూడూ ఒకటిగానే కనబడతాయి.

ప్రశ్న: మేడమ్, మొన్న కడప మార్కెట్లో తెచ్చిన సముద్రం చేప నోరు తెరిస్తే లోపల తెల్లటి పురుగు కూర్చుని ఉంది. కాళ్ళు కూడా ఉన్నాయి. ఆ చేపను పారేశాను. పిల్లలు అప్పటికే ముందు రోజు అదే అంగడి చేప తిన్నారు. భయపడాలా?
– గృహిణి, కడప

జవాబు: భయం వద్దమ్మా. కాళ్ళున్నాయంటే అది బల్లపరుపు పురుగు కాదు. రొయ్య, ఎండ్రకాయల జాతికి చెందిన ఐసోపాడ్. చేప నాలుక మీదో, మొప్పల దగ్గరో స్థిరపడుతుంది. మనిషి ఒంట్లో అది బతకలేదు. పై జవాబులో చెప్పిన పురుగులు కూడా మనిషికి పట్టవు, పైగా మంచు పెట్టెలో, మంచినీటి కడుగుడులో ముందే చచ్చిపోతాయి. పచ్చి చేప తినే దేశాల్లో కొన్ని పురుగుల వల్ల మనుషులకు జబ్బులు రావడం నిజమే. మన ఇళ్ళలో పులుసు పెట్టి బాగా ఉడికిస్తాం కాబట్టి ఆ దిగులు మీకు లేదు. ఇంకోసారి కనబడితే దాన్ని తీసి పారేసి చేపను వండుకోండి. చేప వాసన, మొప్పల రంగు బాగున్నాయా లేదా అన్నదే చూడండి.

ప్రశ్న: అమ్మా, అవుకు రిజర్వాయర్ దగ్గర మాకు చేపల చెరువుంది. కట్ల, రోహుతో పాటు పండుగప్ప వేద్దామనుకుంటున్నాం. సీడ్ (పెంచడానికి వేసే పిల్ల చేపలు) తీరం నుంచి వస్తుంది. దాంతో సముద్రపు పురుగులు మా చెరువుకు వస్తాయా?
– చేపల రైతు, అవుకు

జవాబు: ముందు ఒక మాట చెబుతాను, అడగకపోయినా. కట్ల, రోహుతో పండుగప్పను కలిపి వేయకండి. అది వేటాడి తినే చేప, మీ పిల్ల చేపలన్నీ దాని మేత అవుతాయి.

ఇక పురుగుల విషయం. చర్మం మీది నియోబెనిడీనియా లాంటివి మీ చెరువులో బతకవు. సీడ్‌ను మంచినీటికి అలవాటు చేసే దశలోనే పోతాయి. మొప్పల్లో ఉండే చిన్నవాటి గురించి మాత్రం అంత ధీమాగా ఉండొద్దు. సీడ్ రాగానే పెద్ద చెరువులో వదలకుండా, వేరే తొట్టిలోనో చిన్న కుంటలోనో ఉంచి, మధ్యలో రెండు మూడు పిల్లల మొప్పలు మైక్రోస్కోప్ కింద చూపించుకోండి. ఆ సీడ్‌తో వచ్చిన నీళ్ళను చెరువులో పోయకండి.

నిజానికి మీ కట్ల, రోహుకు సముద్రం నుంచి ఎవరూ రానక్కర్లేదు. డాక్టిలోగైరస్, గైరోడాక్టిలస్ అనే మంచినీటి రకాలు మన చెరువుల్లోనే ఉన్నాయి. చేపలు గుంపుగా నీళ్ళు వచ్చే చోటికి చేరుతుంటే, మొప్పలు పాలిపోయి జిగురు కారుతుంటే ఆ దిశగా చూడండి. ఒంటి మీద కంటికి కనబడేలా గుండ్రంగా పాకేది ఉంటే అది చేప పేను, దాని కథ వేరు, దాని మందు వేరు.

ప్రశ్న: మేడమ్, నేను అనంతపురంలో జువాలజీ ఎం.ఎస్సీ చదువుతున్నాను. మోనోజీనియా మీద ప్రాజెక్టు చేయాలని ఉంది. "ఇక్కడ సముద్రం లేదు, వేరే టాపిక్ చూసుకో" అంటున్నారు. సముద్రపు చేపల పురుగులను గుర్తించే పని ఇక్కడ నేర్చుకోలేనా?
– విద్యార్థిని, అనంతపురం

జవాబు: తప్పకుండా నేర్చుకోగలవమ్మా. గుర్తించే పద్ధతికి ఉప్పునీరు, మంచినీరు అన్న భేదం లేదు. కొక్కేలు ఎన్ని, ఎలా ఉన్నాయి, కంటి చుక్కలున్నాయా, గుడ్డు పెడుతుందా పిల్లను కంటుందా, ఈ ప్రశ్నలు నెల్లూరులో ఎలా అడుగుతారో అనంతపురంలోనూ అలాగే అడగాలి.

తెల్లవారుజామున చేపల అంగడికి వెళ్ళు. చెరువు నుంచి అప్పుడే వచ్చిన, ఐసు తగలని కట్ల తలలు అడుగు. ఐసులో పెట్టిన చేప మొప్పల్లో పురుగులు చచ్చి చెడిపోయి ఉంటాయి, వాటితో సమయం పాడుచేసుకోవద్దు. మొప్ప వంపులను ఒక్కొక్కటిగా వేరుచేసి నీళ్ళలో పెట్టి, సూదితో పోగు పోగు విడదీస్తూ చూడు. నాలుగు కంటి చుక్కలతో, రెండు పెద్ద కొక్కేలతో అటూ ఇటూ సాగుతూ కనిపిస్తే డాక్టిలోగైరస్ అనుకో. కంటి చుక్కలు లేకుండా, కడుపులో ఇంకో జత కొక్కేలు కనిపిస్తే అది గైరోడాక్టిలస్. ఆ లోపలి కొక్కేలు దాని పిల్లవి. ఆ పిల్ల కడుపులో దాని పిల్ల కూడా తయారవుతూ ఉంటుంది. బతికున్నదాన్ని ఒక్కసారి చూస్తే ఈ చదువును వదిలిపెట్టబుద్ధి కాదు. నేను ఎన్నో ఏళ్ళు క్లాసులో చూపించాను, చూసిన ప్రతిసారీ పిల్లలు స్టూలు మీంచి లేచి రెండోసారి వరసలో నిలబడేవాళ్ళు.

ఈ పని ఎంత విలువైనదో చెప్పడానికి నార్వే ఉదాహరణ ఒక్కటి చాలు. 1975లో అక్కడ గైరోడాక్టిలస్ సలారిస్ కనబడింది. అది సాల్మన్ పిల్లలను నదులకు నదులే తుడిచిపెట్టింది. దాన్ని వదిలించడానికి రొటెనోన్ అనే విషంతో మొత్తం నదుల్లో చేపలను చంపి, మళ్ళీ కొత్తగా వేయాల్సి వచ్చింది. గ్రేలింగ్ అనే చేప మీద ఉండే థైమల్లి అనే పురుగు దీనికి ఎంత దగ్గరగా ఉంటుందంటే, కొక్కేల కొలతలు చూసి నిపుణులే వాదించుకున్నారు. కొక్కెం కొలవడం చిన్న పని కాదని నీ గైడ్‌కు ఈ సంగతి చెప్పి చూడు.

ప్రాజెక్టుకు కొక్కేలు స్పష్టంగా కావాలంటే అమ్మోనియం పిక్రేట్, గ్లిజరిన్ కలిపిన ద్రావణంలో పురుగును ఉంచు. లోపలి అవయవాలకు అసిటోకార్మైన్ రంగు ఎక్కించి కెనడా బాల్సం అనే జిగురులో అతికించు. ఒకే పురుగుకు రెండూ చేయలేవు కాబట్టి ముందే పంచుకో. పిక్రేట్ పొడి ఎండితే పేలే గుణముంది, ల్యాబ్‌లో పెద్దవాళ్ళు లేకుండా ముట్టుకోవద్దు. ప్రతి సీసాలో పెన్సిలుతో రాసిన చీటీ వెయ్యి: చేప పేరు, ఏ చెరువు, తేదీ, ఒంటి మీద ఎక్కడ దొరికింది. పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. తర్వాత సెలవుల్లో తీరానికి వెళ్ళి పండుగప్ప మొప్పలను చూసే అవకాశం వస్తే, అప్పటికి నీ చేయి తిరిగి ఉంటుంది.

మొదటి స్లైడు ఫొటో నాకు పంపు. కింద పేరు నువ్వే రాసి పంపు, ఆ పేరు ఎందుకు అనుకున్నావో కూడా రాయి. వచ్చే నెల శీర్షికలో దాన్నే ముందు తీసుకుంటాను.